ప్లేగునాటి బెంగుళూరులో తెలుగు లోగిళ్ళు

బెంగుళూరు తెలుగువారి చరిత్రను తలపెట్టినప్పుడు మనము సాధారణముగా దేవాలయములను, సత్రములను, వర్తకమును పేర్కొనుచుందుము. అవి రాళ్ళమీదను దస్తావేజులలోను నిలిచియున్నవి. గడపలోపలి మార్పులకు అట్టి ఆధారము తక్కువ. 1898వ సంవత్సరమున ఈ నగరమునకు ప్లేగు వచ్చినపుడు పేటలోని సంసారములు తొలి నెలలను ఎట్లు వెళ్ళబుచ్చినవో ఒకమారు తలచుకొనుట ఉచితమని మా అభిప్రాయము.

1896 సెప్టెంబరులో బొంబాయియందలి మాండ్వీలో డాక్టరు అకాసియో వియెగాస్ ఈ వ్యాధిని గుర్తించెను. ఆ నగరములోని కామాఠీపురము మన తెలుగు పనివారి పేర వెలసినదే. 1897 ఫిబ్రవరిలో అంటువ్యాధుల చట్టము వచ్చెను. మరుసటి యేడు ఆగస్టున హుబ్బళ్ళినుండి రైలుదారిని ప్లేగు బెంగుళూరు చేరెను.

చిక్కపేట, బళేపేట, తరగుపేటలలో ఇల్లు ఇంటిని ఆనుకొని యుండెడిది. నడుమ గోడ ఇద్దరిది. తరగుపేట ధాన్యపు అంగళ్ళకు నెలవు. ధాన్యమున్నచోట ఎలుకలు తప్పవు. ఎలుకల ఒంటిమీది చిన్న పురుగు కుట్టుటచే ప్లేగు మనుష్యులకు సోకునని పాల్ లూయీ సిమండ్ కరాచీలో కనుగొన్నది ఆ 1898లోనే. కాని తోడి శాస్త్రజ్ఞులే ఆ మాటను పెక్కేండ్లు నమ్మలేదు. మన ఇల్లాండ్రకు శాస్త్రముతో పనిలేకుండెను. అటకమీదినుండి ఎలుక చచ్చి పడినదా, మూటాముల్లె సర్దుకొనవలసినదే.

సర్దుకొని పోవుట ఎక్కడికి? ఊరిబయట బయళ్ళలో వెదురు తడికల గుడిసెలు లేచెను. అప్పటివరకు పొరుగువాని నీడయు సోకనీయక మడికట్టుకొని వండిన అవ్వలు తడికచాటున మూడు రాళ్ళమీద ఎసరు పెట్టవలసివచ్చెను. ఒక తడికకు ఈవల తెలుగు, ఆవల కన్నడము, వేరొక ప్రక్క అరవము. వానకాలము. విడిచిన ఇంటికి సున్నము కొట్టి, పెంకులు తీసి లోనికి ఎండ పడనిచ్చి, పరుపులు కాల్చెడివారు. ఆ యేటి దసరాకు బొమ్మల కొలువు ఎన్ని ఇండ్లలో తీరినదో ఊహించుకొనవచ్చును.

గుడిసె బ్రతుకుకన్న కష్టమైనది వేరొకటి కలదు. జ్వరము తగిలి గజ్జలలోనో చంకలోనో బిళ్ళ కట్టినవానిని ఆసుపత్రికిని, ఇంటిల్లిపాదిని వేరు శిబిరమునకును తరలించుట నాటి పద్ధతి. అందుచే పెక్కిండ్లలో రోగిని దాచిరి, శవమునుగూడ దాచిరి. దీనిని మూఢత్వమని తీసివేయుట సులభము. ఆసుపత్రికి పోయినవాడు మరలిరాడనియు, తనవారి చేతి నీళ్ళు లేక కన్నుమూయుననియు వారి భయము. నాడు ఆసుపత్రిలో చేరినవారిలో పెక్కురు మరణించిన మాట వాస్తవమే. దాచుటవలన ఇంటిలో మిగిలినవారికిని వ్యాధి తగిలినదనుటయు వాస్తవమే. రెండింటిలో ఏది పాపమో అనుకొనుచు ఒక తల్లి తలుపు గడియవద్ద నిలిచిన రాత్రిని ఏ సర్కారు నివేదికయు వ్రాయలేదు. మేము ఆ తల్లిని నిందింపజాలము.

మైసూరు సంస్థానమున ప్లేగు కమిషనరుగా పనిచేసినవారు వి.పి. మాధవరావుగారు. హాఫ్కిన్ 1897 జనవరిలో తనమీద తాను పరీక్షించుకొన్న టీకా ఇచ్చటికిని వచ్చెను. జనులు సూదిని చూచి బెదరిరి. ప్లేగమ్మకు గుడికట్టి మ్రొక్కినవారును కలరు.

మనబోటి ప్రవాస కుటుంబములకు మాత్రము ప్రత్యేకమైన చిక్కొకటి వచ్చెను. పుట్టిండ్లు, వియ్యాలవారు అనంతపురమువైపును, కడపవైపును ఉండిరి. అది మదరాసు రాజధాని. ఇది మైసూరు సంస్థానము. ప్లేగున్న తావులనుండి మదరాసు రాజధానిలో అడుగుపెట్టినవారు పాస్‌పోర్టు అను కాగితము పుచ్చుకొని పది దినములు అధికారికి కనబడవలెను. కాన్పునకు పోవలసిన ఆడపడుచు ఆగిపోయెను. ఊరికి పోయినను చుట్టములే గడప దాటనిత్తురను నమ్మకము లేదు. అంతకుముందు సంబంధములకు, శుభాశుభములకు తెలుగునాటివైపు చూచినవారు ఆ నెలలలో ఉప్పునకును నిప్పునకును తడిక ఆవలివారినే పిలువవలసివచ్చెను. మన ఇండ్లలో కన్నడము వంటింటివరకు వచ్చుటకు బడులకన్న ఇట్టి దినములే ఎక్కువ కారణమని మాకు తోచుచున్నది.

1891లో సుమారు 1,80,000గా నున్న నగర జనసంఖ్య 1901 నాటికి సుమారు 1,59,000కు తగ్గెను. చచ్చినవారు కొందరు, తరలిపోయినవారు కొందరు. మల్లేశ్వరము, బసవనగుడి బస్తీలు ఆ కాలమునందే రూపొందినవి. వెడల్పు వీధులు, ఇంటికి ఇంటికి నడుమ గాలి, వెనుక పాకీసందు: ఇవన్నియు ప్లేగు నేర్పిన కొలతలు. పేట విడిచి అచ్చట చేరినవారు ఉమ్మడి గోడ పోయినందుకు సంతసించిరి. గోడమీదుగా పలుకరింపులు పోయినందుకు చింతిల్లిరి.

2020 మార్చిలో కరోనా వ్యాధిచే మన దేశమున తొలి మరణము కలబురగిలో సంభవించెను. 1897 నాటి ఆ చట్టమునే ప్రభుత్వములు మరల చేపట్టెను. దేశమంతట కట్టడి మొదలైన 25వ తేది శార్వరి ఉగాది. వేపపూత పెరటిలో నున్నవారికి దొరకెను. పచ్చడి మాత్రము పొరుగింటికి పంపరాదయ్యె. అంత్యక్రియలకు ఇరువదిమందికి మించరాదని ఆజ్ఞ. హిందూపురమునుండి రాదలచిన బంధువులు పూర్వపు కాగితమునకు బదులు ఫోనులో అనుమతిపత్రముకొరకు వేచియుండిరి. అది అందులోపలనే దహనము ముగిసిన ఇండ్లు మనలో గలవు.