జమ ఎవరిది? బాకీ ఎవరిది?

అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో, నయాగరా నది ఒడ్డున లూయిస్టన్ అనే ఊరుంది. అక్కడి ఇళ్ల కరెంటు బిల్లులో జలవిద్యుత్తు పేరిట కొంత సొమ్ము జమ అవుతుంది. నయాగరా విద్యుత్ కేంద్రానికి 2007లో మరో 50 ఏళ్లకి లైసెన్సు ఇచ్చేటప్పుడు కుదిరిన ఒప్పందాల ఫలితమిది. కేంద్రం వల్ల ఇబ్బందులు భరించినందుకు నయాగరా ఫాల్స్ నగరం, లూయిస్టన్‌లతో సహా ఏడు స్థానిక సంస్థలకి 25 మెగావాట్ల చౌక విద్యుత్తు కేటాయించారు. ఆ పక్కనే ఉన్న టస్కరోరా ఆదివాసీ జాతికి ఇతర ప్రయోజనాలతో పాటు 1 మెగావాటు దక్కింది.

తలలు లెక్కపెడితే ఇది అన్యాయం కాదనేవాళ్లుండొచ్చు. కానీ జమాఖర్చుల పుస్తకంలో జమ ఒక్కటే చదివితే లెక్క తేలదు. ఖర్చు ఎవరి ఖాతాలో పడిందో చూడాలి.

1956 జూన్‌లో అక్కడి పాత విద్యుత్ కేంద్రం కొండచరియ విరిగిపడి కూలిపోయింది. మరుసటి ఏడాది కొత్త కేంద్రానికి అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది. అయితే 1950లో కెనడాతో కుదిరిన ఒప్పందం ప్రకారం, పర్యాటకులు వచ్చే నెలల్లో పగటిపూట జలపాతం మీదుగా సెకనుకి లక్ష ఘనపుటడుగుల నీరు పారాలి. రాత్రి అందులో సగం చాలు. అంటే చూసేవాళ్లు లేని వేళ నీటిని తోడి, దాచి, పగలు వాడుకోవాలి. దాచడానికి జలాశయం కావాలి. దానికోసం రాబర్ట్ మోజెస్ అధ్యక్షుడిగా ఉన్న విద్యుత్ సంస్థ టస్కరోరాల భూమిలో 1,383 ఎకరాలు అడిగింది.

టస్కరోరాల్లో తల్లి ఆ జాతి మనిషైతేనే బిడ్డ ఆ జాతి మనిషి. వంశం తల్లి వైపు నుంచి వస్తుంది. నాయకుల్ని ఎంపిక చేసేది వంశమాతలు. 1958 ఏప్రిల్‌లో పోలీసుల్ని వెంటేసుకుని సర్వేయర్లు వచ్చినప్పుడు, దారికి అడ్డంగా నిలబడినవాళ్లలో ఆడవాళ్లున్నారు. అరెస్టయి చరిత్రలో పేర్లతో నిలిచిన నాయకులు మాత్రం ముగ్గురూ మగవాళ్లే. తెలంగాణ పోరాట స్త్రీల కథలు వినడం నేర్చుకున్న మనకి ఈ తేడా కొత్తేమీ కాదు.

1960 మార్చి 7న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుని సాహిత్య విద్యార్థినిగా నేను పదం పదం పట్టుకుని చదివాను. కథంతా ‘రిజర్వేషన్’ అన్న ఒక్క మాట చుట్టూ తిరిగింది. రిజర్వేషన్ భూమి తీసుకుంటే ఆ జాతి ప్రయోజనానికి భంగమని ఫెడరల్ పవర్ కమిషన్ అంతకుముందే తేల్చింది. కోర్టు ఏమందంటే: చట్టం ప్రకారం రిజర్వేషన్ అంటే ప్రభుత్వానికి హక్కున్న భూమి; ఇది టస్కరోరాలు సొంత సొమ్ముతో కొనుక్కున్నది; కాబట్టి ఆ రక్షణ దీనికి లేదు. నార్త్ కరోలినాలో తమ పాత భూముల మీద వచ్చిన డబ్బుతో పందొమ్మిదో శతాబ్దం మొదట్లో కొన్న నేల అది. ప్రభుత్వం దానంగా ఇచ్చి ఉంటే దక్కేది, కష్టార్జితం కనుక పోయింది. మాట ఇచ్చిన దేశం మాట నిలబెట్టుకోవాలంటూ జస్టిస్ బ్లాక్ విభేదించారు. మరో ఇద్దరు ఆయనతో కలిశారు. చివరికి 8,50,000 డాలర్లకి సుమారు 550 ఎకరాలు తీసుకున్నారు. 1961లో కరెంటు ఉత్పత్తి మొదలైంది.

నన్ను ఆపేసింది ఈ పట్టా సంగతే. శ్రీశైలం ముంపులో 1980ల మొదట్లో సుమారు లక్షమంది ఊళ్లు వదిలారు. భూమికి పరిహారం పట్టాలో ఉన్న పేరుకే వస్తుంది, పట్టాలో ఆడవాళ్ల పేర్లు అరుదు. అందుకే స్త్రీల పేరిట పట్టాలు కావాలని అడుగుతూ వచ్చాం. ఇకముందూ అడుగుతాం. కానీ టస్కరోరాలకి పట్టా ఉంది. పట్టా ఉండటమే వాళ్లకి ఎదురు తిరిగింది. ఏ కాగితం చెల్లుతుందో నిర్ణయించే అధికారం ఇంకొకరి చేతిలో ఉన్నంతకాలం కాగితం ఒక్కటే కాపాడదు. మన భూమి హక్కుల చర్చలో ఈ రెండో సగం ఇంకా బలహీనంగానే ఉంది.

కరెంటు బిల్లు మీటరుకి వస్తుంది. మీటరుకి వంశం లేదు, తల్లి లేదు. అందుకే బిల్లులో జమ అయ్యే సొమ్ము నెలనెలా ఔదార్యంలా కనిపిస్తుంది, బాకీలా కనిపించదు. దాన్ని బాకీ అని పిలవడం చరిత్ర రాసేవాళ్ల పని. ముఖ్యంగా, ఎప్పుడూ ఖర్చు వైపే నిలబడ్డ వాళ్ల చరిత్ర రాసేవాళ్ల పని.