స్టేజీ ఎక్కని నటుడు

మనకి ఉద్యోగం నచ్చకపోతే ఇంకో కంపెనీ చూసుకుంటాం. నటుడికి స్టేజీ తప్ప ఏముంది? అందుకే నాకు పోలండ్ నటుడు స్టెఫాన్ యరాచ్ (1883–1945) అంటే గౌరవం. 1930లలో వార్సాలో అతెనియం థియేటర్ నడిపాడాయన, సినిమాల్లోనూ వేశాడు. 1939లో జర్మన్లు వచ్చాక, వాళ్ళ అనుమతితో నడిచే నాటకశాలల్లో ఆడొద్దని నటుల రహస్యసంఘం నిర్ణయించింది. యరాచ్ ఆ మాటకి కట్టుబడ్డాడు.

ఇగో సిమ్ అనే ఇంకో నటుడు మాత్రం జర్మన్లతో చేతులు కలిపాడు. 1941 మార్చి 7న రహస్యోద్యమం వాళ్ళు అతన్ని కాల్చి చంపారు. దానికి ప్రతీకారంగా అరెస్టయినవాళ్ళలో యరాచ్ కూడా ఉన్నాడు. ఆష్విట్జ్‌కి పంపి, మే నెలలో వదిలేశారు. 1945 ఆగస్టులో క్షయతో పోయాడు.

అతెనియానికి ఇప్పుడు ఆయన పేరే. ఆయన వేసిన పాత్రలకంటే, వెయ్యనన్న పాత్రలే నాకు గొప్పగా అనిపిస్తాయి.