అబద్ధాల దీవిలో ఒక ప్రశ్న

రేమండ్ స్మల్యన్ 1978లో ప్రచురించిన తర్క ప్రహేళికల పుస్తకానికి ‘ఈ పుస్తకం పేరేమిటి?’ అన్న ప్రశ్నే పేరు. మొదటి పుటల్లోనే ఆయన తన బాల్యానుభవం ఒకటి చెబుతారు. 1925 ఏప్రిల్ 1న చిన్నారి స్మల్యన్ జ్వరంతో మంచం మీద ఉన్నాడు. పదేళ్లు పెద్దవాడైన అన్న ఎమిల్ పొద్దున్నే వచ్చి, ఇవాళ నిన్ను మునుపెన్నడూ లేనంతగా మోసగిస్తానని ప్రకటించి వెళ్లాడు. పిల్లవాడు రాత్రిదాకా ఎదురుచూశాడు. ఏమీ జరగలేదు. చివరికి అన్న వచ్చి తేల్చిందేమిటంటే, మోసం చేస్తానని నమ్మించి చేయకపోవడమే ఆ మోసం! దీపం ఆర్పాక కూడా ఆ పిల్లవాడికి నిద్రపట్టలేదు. తాను మోసపోయినట్టా, కానట్టా? మోసపోకపోతే అన్న మాట తప్పాడు. తప్పాడు గనుక తాను మోసపోయాడు. మోసపోయాడంటే అన్న మాట నిలుపుకున్నాడు.

ఈ సుడిగుండం చాలా పాతది. క్రీటు దీవివాడైన ఎపిమెనిడీస్ ‘క్రీటువాసులందరూ ఎప్పుడూ అబద్ధాలకోరులే’ అన్నాడని ప్రతీతి. నిజానికి ఇందులో చిక్కేమీ లేదు. ఆ మాట అబద్ధమనుకుంటే, ఎవరో ఒక క్రీటువాసి ఎప్పుడో ఒకసారి నిజం చెప్పాడని మాత్రమే అర్థం. ఎపిమెనిడీస్ మామూలు అబద్ధాలకోరుగా మిగిలిపోతాడు. అసలైన ముడి వేసినవాడు క్రీస్తుపూర్వం 4వ శతాబ్దపు యూబులిడీస్. ‘నేనిప్పుడు చెబుతున్నది అబద్ధం’ అన్న వాక్యం నిజమైతే అబద్ధం, అబద్ధమైతే నిజం. ఈ చిక్కు విప్పబోయి కోస్ దీవికి చెందిన కవి ఫిలెటాస్ నిద్రలేక చిక్కి శల్యమై మరణించాడని ఒక కథ ఉంది. వైద్యుడిగా ఆ మరణకారణాన్ని నేను ధ్రువీకరించలేను గాని, బాధితుడి మీద సానుభూతి మాత్రం ఉంది.

ఇది ప్రాణాంతక సమస్య స్థాయి నుంచి పత్రికలో పొద్దుపుచ్చే వినోదంగా మారడం ఇరవయ్యో శతాబ్దపు ముచ్చట. తరువాతి కాలంలో పేరొందిన తాత్త్వికుడైన నెల్సన్ గుడ్మన్ 1931లో ‘బోస్టన్ పోస్ట్’లో ఒక ప్రహేళిక ప్రచురించాడు. ఒక దేశంలో దొరలు ఎప్పుడూ నిజమే చెబుతారు, వేటగాళ్లు ఎప్పుడూ అబద్ధమే. ముగ్గురు ఎదురయ్యారు. మొదటివాడు తానెవరో చెప్పాడు గాని మనకు వినపడలేదు. రెండోవాడు ‘తాను వేటగాణ్ణని అతనన్నాడు’ అన్నాడు. ఆపైన ‘ఈ మూడోవాడు వేటగాడు’ అని కూడా అన్నాడు. మూడోవాడేమో ‘మొదటివాడు దొర’ అన్నాడు. ఎవరెవరు? చదవడం ఆపి ఒక్క నిమిషం ఆలోచించండి.

కీలకం మనకు వినపడని మాటలోనే ఉంది. దొర ‘నేను దొరను’ అంటాడు. వేటగాడు అబద్ధమాడాలి గనుక వాడూ ‘నేను దొరను’ అనే అంటాడు. ‘నేను వేటగాణ్ణి’ అన్న మాట ఆ దేశంలో ఏ నోటా రాదు. కాబట్టి రెండోవాడు అబద్ధమాడాడు, వాడు వేటగాడు. మూడోవాడి గురించి వాడన్నదీ అబద్ధమే గనుక మూడోవాడు దొర. ఆ దొర మాట ప్రకారం మొదటివాడూ దొరే. యూబులిడీస్ సుడిగుండాన్ని ఇక్కడ తప్పించుకున్నామని కాదు. దాన్నే మెట్టుగా వాడుకున్నాం.

సరిగ్గా అదే 1931లో పాతికేళ్ల కుర్ట్ గోడెల్ అదే మెట్టు మీదుగా గణితశాస్త్రపు పునాదిదాకా వెళ్లాడు. ‘అబద్ధం’ అన్న మాటకు బదులు ‘ఋజువు లేదు’ అన్న మాట పెట్టాడు. ‘ఈ వాక్యానికి ఈ వ్యవస్థలో ఋజువు లేదు’ అని చెప్పే వాక్యాన్ని అంకగణితంలోనే నిర్మించాడు. దానికి ఋజువు దొరికితే వ్యవస్థ అబద్ధాన్ని ఋజువు చేసినట్టు. అబద్ధాలను ఋజువు చేయని వ్యవస్థ అయితే ఆ వాక్యం నిజం, కానీ ఋజువుకందని నిజం. ఒకప్పుడు గారడీ ప్రదర్శనలిచ్చిన స్మల్యన్, 1959లో ప్రిన్స్‌టన్‌లో తర్కశాస్త్ర డాక్టరేటు పొంది, ఈ సిద్ధాంతాన్ని మళ్లీ దీవికే తీసుకొచ్చారు. 1987 నాటి ‘ఫరెవర్ అన్‌డిసైడెడ్’లో ఒక దీవివాసి వచ్చినవాడితో, నేను సత్యవాదినని నీవెన్నటికీ తెలుసుకోలేవంటాడు. పుస్తకమంతా ఆ ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది.

1996లో జార్జ్ బూలోస్ స్మల్యన్ ప్రహేళిక ఒకదాన్ని ‘అన్నిటికన్నా కఠినమైనది’గా పరిచయం చేశాడు. అందులో ముగ్గురు దేవుళ్లు. ఒకరు నిజం, ఒకరు అబద్ధం, మూడోవారు తోచినట్టు చెబుతారు. మూడే ప్రశ్నలు. బూలోస్ పరిష్కారంలో మొదటి పని సత్యవాదిని వెతకడం కాదు. తోచినట్టు చెప్పేవాడు కానివాణ్ణి ఒకణ్ణి పట్టుకోవడం. ఎందుకంటే నిలకడగల అబద్ధాలకోరు సత్యవాదికి ఏమాత్రం తీసిపోడు. ‘ఊరికి ఎడమ దారేనా అని నిన్నడిగితే అవునంటావా?’ అంటే, తానాడబోయే అబద్ధం గురించి కూడా వాడు అబద్ధమే ఆడాలి. రెండూ కొట్టేసుకుని నిజం బయటపడుతుంది.

మా ఆసుపత్రిలో ఈ ఉపాయం పెద్దగా పనిచేయదు. సిగరెట్ల లెక్క తగ్గించి చెప్పే రోగే నొప్పి ఉన్న చోటును ఖచ్చితంగా చూపిస్తాడు. కానీ నిలకడగా అబద్ధం చెప్పే మనిషిని ఒక్కరిని నేనెరుగుదును. ఇంగ్లండు నుంచి నేను ఏ ఆదివారం ఫోను చేసినా మా అమ్మ ‘నాకేం, బాగున్నాను’ అనేది. జ్వరమొచ్చినా అదే మాట, చెయ్యి విరిగినా అదే మాట. అన్నివేళలా వచ్చే జవాబులో సమాచారం సున్నా. ఈ పుస్తకం చదువుతున్న రోజుల్లో ఒక ఆదివారం, సరదాకే, ప్రశ్న మార్చాను. ‘నువ్వెలా ఉన్నావని పక్కింటి పిన్నిగారిని అడిగితే ఏమంటుంది?’

కాసేపు జవాబు లేదు. తరువాత, ‘దాని మాటలు పట్టించుకోకురా’ అంది.

పిన్నిగారికి ఫోను చేశాను. అమ్మ నెలరోజులుగా వెల్లకిలా పడుకోలేక పడక్కుర్చీలో కూర్చునే నిద్రపోతోందట, పాదాలు వాచాయట. ఇవి ఏ జబ్బు లక్షణాలో వైద్యవిద్యార్థికైనా తెలుసు. ఆ వారమే బయలుదేరి వెళ్లాను. గుండె బలహీనపడింది; మందులతో నిలదొక్కుకుంది.

ఇప్పుడు ఆదివారాలు అమ్మే ముందు అడుగుతుంది, ‘ఎలా ఉన్నావురా?’ అని. బాగున్నానంటాను. ‘కోడలినడిగితే ఏమంటుంది?’ అంటుంది.