వర్షావాసం తరువాత బస్తర్ బాట

ఆషాఢ పూర్ణిమ మరునాడు భిక్షుసంఘం వర్షావాసంలో ప్రవేశిస్తుంది. వానకాలంలో సంచరించే భిక్షువులు పచ్చికను, సూక్ష్మజీవులను తొక్కుతున్నారని జనులు ఆక్షేపించడం వల్ల ఈ నియమం ఏర్పడిందని వినయపిటకం చెబుతుంది. బస్తర్ ప్రాంతంలో చరిత్రాన్వేషణకు పూనుకొనే స్వచ్ఛంద కార్యకర్తలకు కూడా ఇంచుమించు ఇదే పంచాంగం వర్తిస్తుంది. జూన్ నుండి సెప్టెంబరు వరకు ఇంద్రావతి, శబరి నదులలో కలిసే వాగులు దారులను మూసివేస్తాయి. ఇటుక దిబ్బలను పొదలు కప్పివేస్తాయి. ఆ నెలలు కాగితంపై తీసిన శాసన ముద్రలను చదువుకోవడానికి, వెనుకటి ఏడాది ఛాయాచిత్రాలను వరుసపెట్టుకోవడానికి తగినవి.

వానలు వెనుకపట్టినంత మాత్రాన అడవి మనది కాదు. శ్రావణ అమావాస్యనాడు పాట్ జాత్రతో మొదలయ్యే బస్తర్ దసరా 75 దినాల పండుగ. ఈలోగా కొత్త ధాన్యాన్ని దేవతకు నివేదించి ఆరగించే నవాఖాని వస్తుంది. తరువాత వరికోతలు, నూర్పిళ్లు. అవి ముగిశాక చలికాలంలో ఊరూరా మడయి జాతరలు సాగుతాయి. మార్చి, ఏప్రిల్ నెలలలో ఇంటిల్లిపాదీ తెల్లవారకముందే ఇప్పపూలు ఏరడానికి వెళతారు. మే నెలలో తునికాకు సేకరణ. అన్వేషకునికి ఇక్కడ ఒక చిక్కున్నది. ఆకులు రాలి దిబ్బల ఆకృతి స్పష్టంగా కనిపించేది సరిగ్గా ఇప్పపూల కాలంలోనే. దారి చూపగలిగిన గ్రామపెద్దకు క్షణం తీరిక లేనిదీ అప్పుడే. ఆ పెద్ద లేకుండా వెళ్లి కొలతలు తీసుకొని రావడం కష్టమేమీ కాదు. అలా తెచ్చిన కొలతలకు ఎంత విలువ ఉన్నదన్నదే ప్రశ్న.

కొండగావ్ జిల్లాలోని భోంగాపాల్‌ను చూడండి. క్రీస్తుశకం 5-6 శతాబ్దాలకు, అంటే ఈ ప్రాంతాన్ని నలవంశీయులు పాలించిన కాలానికి చెందిన ఇటుక చైత్యం అక్కడ ఉన్నది. బస్తర్‌లో బౌద్ధ నిర్మాణమని నిశ్చయంగా చెప్పదగినవి బహు స్వల్పం కనుక మన సంస్థ పాఠకులకు ఈ చోటు ముఖ్యమైనది. సమీపంలోనే శైవాలయ శిథిలాలు, సప్తమాతృకల శిల్పం ఉన్నాయి. కూర్చున్న భంగిమలోని బుద్ధమూర్తిని స్థానికులు డోక్రా బాబా అంటారు. డోక్రా అంటే వృద్ధుడు. మన మాటల్లో చెప్పాలంటే ‘ముసలి తాత’. విగ్రహశాస్త్రం చదువుకొన్నవారు ఈ పేరు వినగానే చిరునవ్వు నవ్వి, తమ పుస్తకంలో ‘బుద్ధుడు’ అని వ్రాసుకొని సాగిపోవడం పరిపాటి. అది తొందరపాటు. చైత్యం ఎప్పుడు శూన్యమైనదో గాని, ఆ మూర్తి మాత్రం అనాథ కాలేదు. సంఘం తొలగిపోయిన చోట గ్రామం నిలిచింది. తనకు తెలిసిన బంధుత్వంతో పిలుచుకొన్నది. రక్షణకు అదే ఆధారమైనది. కనుక ‘డోక్రా బాబా’ అనే పేరు కూడా ఆ స్థలచరిత్రలో భాగమే. దానికి కూడా నమోదు కావలసిన హక్కు ఉన్నది.

దీనికి విరుద్ధమైన గతి బార్సూరు శాసనానిది. దంతేవాడ జిల్లాలోని ఆ ఊరు ఛిందక నాగుల కాలంనాటి ఆలయాలకు ప్రసిద్ధం. శక 1130, అంటే క్రీ.శ. 1208-09 నాటి శాసనంలో సోమేశ్వరదేవుని పట్టమహిషి గంగమహాదేవి రెండు శివాలయాలు కట్టించి, ఒకదానికి భర్త పేరు, మరొకదానికి తన పేరు పెట్టినట్లున్నది. ఆ శాసనభాష తెలుగు. ఇంద్రావతి ఒడ్డున, గోదావరితో ఆ నది సంగమించే చోటికి ఎంతో ఎగువన, రాణి తన దానాన్ని తెలుగులో చెక్కించడం మన సరిహద్దు ఊహలను సవరించే విషయం. 1862లో బస్తర్ సంస్థానంపై నివేదిక సమర్పించిన గ్లాస్‌ఫర్డ్ మొదలుకొని, 1916లో మధ్యపరగణాల శాసనాల పట్టికను ప్రకటించిన రాయ్ బహదూర్ హీరాలాల్ వరకు పలువురు బార్సూరు శాసనాలపై శ్రమించారు. శిల మాత్రం నాగపూర్ సంగ్రహాలయానికి చేరింది. అమరావతి శిల్పాలు మద్రాసుకు, లండనుకు చేరిన కథ తెలిసిన మనకు ఇది కొత్త బాధ కాదు. తరలింపు వల్ల రాయి భద్రంగా ఉండవచ్చు. కాని ముప్పైరెండు స్తంభాల బత్తీసా ఆలయాన్ని చూడవచ్చిన బార్సూరు బాలికకు తన ఊరి రాణి మాట అందుబాటులో లేదు.

అయితే ఉన్నచోటనే ఉంచితే చాలునా? చాలదు. ఫరస్‌పాల్ సమీపాన బైలాడిలా కొండలలో, సుమారు మూడువేల అడుగుల ఎత్తున ఉండే ఢోల్‌కల్ గణపతి విగ్రహం 2017 జనవరిలో శిఖరం నుండి కిందికి పడి ముక్కలైపోయింది. లోయలో చెదరిన శకలాలను వెదకి పోగుచేసి, పురావస్తు నిపుణుల చేత అతికించి, తిరిగి శిఖరంపైనే నిలిపారు. ఆ పనిలో గ్రామస్థులు పాలుపంచుకొన్నారు. ఇటువంటి వేళ ముందుగా తీసి ఉంచిన కొలతలు, అన్ని వైపుల ఛాయాచిత్రాలు ఎంత అక్కరకు వస్తాయో వేరుగా చెప్పనక్కరలేదు. స్వచ్ఛంద కార్యకర్త చేయగల నిజమైన సేవ ఇక్కడ ఉన్నది. కొత్త స్థలాన్ని కనుగొని పత్రికలో పేరు వేయించుకోవడం కంటె, తెలిసిన స్థలానికి ప్రతి ఏడూ వెళ్లి నిరుడు ఉన్నది ఇప్పుడున్నదా అని చూడడం మేలు. ఇటుకలు గోడలకు తరలుతున్నవా, నిధుల ఆశతో ఎవరైనా గొయ్యి తీశారా, వేరు ఏ రాతిని పెకలిస్తున్నది అన్నవి చిన్న సమాచారాలే. వాటిని సేకరించడానికి పట్టాలు అక్కరలేదు, ఓపిక కావాలి.

తెలుగునాట ఇటువంటి ఓపికకు పూర్వోదాహరణలున్నాయి. 1922లోనే రాజమహేంద్రవరంలో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి, హైదరాబాదులో లక్ష్మణరాయ పరిశోధక మండలి వెలిశాయి. మొదటిదానికి ప్రాణం పోసినవారిలో భావరాజు వేంకటకృష్ణారావు వృత్తిరీత్యా న్యాయవాది. రెండవది 1935లో తెలంగాణా శాసనములు ప్రచురించింది. జీతం కోసం కాక అభిమానంతో సాగిన పని అది. బస్తర్‌లోనూ 1908లోనే పండిత కేదారనాథ్ ఠాకూర్ ‘బస్తర్ భూషణ్’ ప్రకటించారు. మన కాలంలో లాలా జగదల్‌పురి జగదల్‌పూర్‌లోనే ఉండి జీవితాంతం ఆ నేల చరిత్రను, భాషలను వ్రాశారు. ఆ శ్రేణిలో లేనిది ఒకటే: హల్బీ, గోండీ మాతృభాషగా గల యువకులు వివరం అడిగేవారిగా గాక వ్రాసేవారిగా పాల్గొనడం. వారు లేనిదే డోక్రా బాబాను గురించి మనకు తెలిసేది విగ్రహం ఎత్తు, వెడల్పు మాత్రమే.

ప్రవారణ ముగిసి చీవరదాన మాసం గడిచేసరికి కోతలు కూడా కొలిక్కి వస్తాయి. డిసెంబరు నుండి ఫిబ్రవరి చివరి వరకు ఉండే ఆ కొద్దిపాటి వ్యవధిలో భోంగాపాల్ వెళ్లదలచిన భిక్షువులు, పరిశోధకులు ముందుగా గ్రామపెద్దలకు, పూజారికి కబురంపి, వారు చెప్పిన దినాన వెళ్లడం మంచిది. తీసిన ఛాయాచిత్రాల ప్రతులు ఊరిలో ఒకటి ఉంచి రావాలి. బార్సూరు వెళ్లే తెలుగువారికి మరొక పని ఉన్నది. గంగమహాదేవి శాసనపాఠాన్ని, దాని హల్బీ, గోండీ తాత్పర్యాలను పెద్ద అక్షరాలతో వ్రాయించి ఊరి పాఠశాలకు ఇచ్చి రావచ్చు.