చిన్న సెన్సరు కెమెరాలు

చిన్న సెన్సరు కెమెరాలు అనగా 36 × 24 మి.మీ. కొలత గల ఫుల్ ఫ్రేమ్ సెన్సరు కంటె చిన్న సెన్సరు కలిగిన డిజిటల్ కెమెరాలు. 2008లో ఒలింపస్, పానసోనిక్ సంస్థలు ప్రకటించిన మైక్రో ఫోర్ థర్డ్స్ (17.3 × 13 మి.మీ.), ఒక అంగుళం రకం (13.2 × 8.8 మి.మీ.), సాధారణ కాంపాక్ట్ రకం (సుమారు 6.2 × 4.6 మి.మీ.) వీటిలో ముఖ్యమైనవి. "ఒక అంగుళం" అన్నది పేరు మాత్రమే, ఆ సెన్సరు ఏ పక్కనా అంగుళం ఉండదు. ఖరీదైన కెమెరా లేనిదే గుడులను, శాసనాలను చక్కగా చిత్రించలేమనే అభిప్రాయం సరికాదు. చిన్న సెన్సరుకు ఉన్న అసలు లోటు వెలుతురు. కదలని వస్తువు విషయంలో ఆ లోటును సమయంతో పూడ్చవచ్చును. నల్గొండ, మహబూబ్ నగర్ ప్రాంతాలలో ఇందుకు మంచి ఉదాహరణలు కలవు.

== వెలుతురు లెక్క ==
మైక్రో ఫోర్ థర్డ్స్ సెన్సరు వైశాల్యం ఫుల్ ఫ్రేమ్‌లో దాదాపు నాలుగవ వంతు. ఒకే ఎపర్చరు, ఒకే షట్టరు వేగం వద్ద అది గ్రహించే మొత్తం కాంతి కూడా అంతే. అందువలన చిత్రంలో గరుకుదనం (నాయిస్) పెరుగుతుంది. కదలని దృశ్యాన్ని ఒకే చోటునుండి నాలుగు సార్లు తీసి కంప్యూటరులో సగటు చేసినచో ఈ తేడా చాలావరకు పోతుంది.

== ఛాయా సోమేశ్వరాలయం ==
నల్గొండ సమీపంలోని పానగల్లులో కందూరు చోళుల కాలంనాటి ఈ త్రికూటాలయం ఉన్నది. గర్భగుడి గోడపై ఒక స్తంభపు నీడ పగలంతా కదలకుండా కనిపించుట దీని ప్రత్యేకత. లోపల వెలుతురు తక్కువ. ఐ.ఎస్.ఓ. పెంచుటకు బదులు దానిని 200 వద్ద ఉంచి షట్టరును ఎక్కువ సేపు తెరవాలి. పెద్ద కెమెరా ఐ.ఎస్.ఓ. 800తో సెకనులో 15వ వంతులో తీసే చిత్రాన్ని, అదే ఎపర్చరుతో చిన్న కెమెరా పావు సెకనులో తీయగలదు. ట్రైపాడుకు అనుమతి లేనిచో కెమెరాను రాతి స్తంభానికి ఆనించి, 2 సెకన్ల టైమరు వాడవచ్చును. ఫ్లాష్ వాడరాదు, వాడితే చూడవచ్చిన నీడే మాయమవుతుంది!

ఎపర్చరును బాగా మూయుట కూడా పొరపాటే. మైక్రో ఫోర్ థర్డ్స్‌లో ఎఫ్/5.6 వద్దనే ఫుల్ ఫ్రేమ్‌లో ఎఫ్/11 వద్ద వచ్చేంత లోతు స్పష్టంగా వస్తుంది. ఎఫ్/11 దాటితే కాంతి వివర్తనం వలన శిల్పపు అంచులు మెత్తబడతాయి.

== పిల్లలమర్రి ==
మహబూబ్ నగర్ వద్ద గల ఈ మహావృక్షం సుమారు మూడెకరాలలో విస్తరించినది. 2017 డిసెంబరులో కొమ్మ విరిగిపడిన తరువాత సందర్శకులను ఆపివేశారు. 2018లో చెదలను అరికట్టుటకు సెలైను పద్ధతిలో మందు ఎక్కించారు. అంతకుముందు మామూలు కెమెరాలతో తీసిన చిత్రాలు సైతం నేడు పోల్చిచూచుటకు విలువైనవే. ఆకుల సందులలోని ఎండ, కింది నీడ రెండూ చిన్న సెన్సరుకు ఒకేసారి అందవు. ఎండ తెల్లబారకుండా ఎక్స్‌పోజరు తగ్గించి, రా ఫైలులో నీడలను తేలికపరచాలి. చెట్టంతా పట్టనిచో మూడవ వంతు కలిసేలా వరుసగా తీసి అతికించవచ్చును.

== నల్లమల ==
పూర్వపు మహబూబ్ నగర్ జిల్లాలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2016 నుండి నాగర్ కర్నూల్ జిల్లాలో ఉన్నది. ఇక్కడ 300 మి.మీ. కటకం ఫుల్ ఫ్రేమ్‌లోని 600 మి.మీ. కటకమంత దగ్గరగా చూపుతుంది, బరువూ తక్కువ. అయితే పరుగెత్తే జింకకు పై ఉపాయాలేవీ పనికిరావు. తెల్లవారుజామున పెద్ద సెన్సరుదే పైచేయి. అందుచేత ఎండ వచ్చాక, వేసవిలో ఆకురాలిన చోట్ల ప్రయత్నించుట మేలు.