ప్రకటనల కాగితము

ఆదివారపు ఆరాధనలో కానుకలు పట్టుటకు ముందు సంఘ కార్యదర్శి లేచి ఒక కాగితము చదువును. బుధవారము సాయంకాలము గృహప్రార్థన. శుక్రవారము ఉపవాస కూటము. మొదటి ఆదివారము ప్రభురాత్రి భోజనము. ఫలానా దినమున బాప్తిస్మములు. ఆ పిమ్మట స్త్రీల సమాజము, పిల్లల వేసవి బైబిలు పాఠశాల, పంట పండుగ, కన్నుల పరీక్షా శిబిరము. చివరకు, అందరును ఆహ్వానితులే అని చెప్పి కూర్చుండును. ప్రసంగమును చెవియొగ్గి వినువారు సహితము ఈ ప్రకటనలవేళ ప్రక్కవారితో మాటలాడుదురు. తల్లులు పిల్లలకు నీళ్లు త్రాగింతురు. ఇది ఆరాధనలో భాగము కాదని, పని జరుగుటకు చదువబడు జాబితా మాత్రమేనని మన తలంపు.

ప్రియ చదువరులారా, ఈ మాసము ఆ కాగితమునే మన ధ్యానాంశముగా తీసికొందము. అందులోని వరుసలు ఎక్కడనుండి వచ్చినవి? ఎవరి అక్కరనుబట్టి పుట్టినవి? ఇది తెలిసినయెడల వచ్చే ఆదివారము వాటిని వేరు చెవులతో విందుము.

విజయవాడలోని బెంజ్ సర్కిల్ మీలో అనేకులెరిగిన కూడలి. వైద్యమునకో, చదువుకొను బిడ్డను చూచుటకో, కూలిపనికో వచ్చినవారు అక్కడ బస్సు దిగుదురు. 2020లో వంతెన తెరువబడినది మొదలు దూరప్రయాణపు బండ్లు పైనుండి సాగిపోవుచున్నవి. మన పల్లెజనము క్రిందనే నిలిచి ఆటో కొరకు చూచుచున్నారు. ఈ కూడలి తెలుగు బాప్టిస్టుల చరిత్రకు ఒక పటమువలె ఉన్నది. దక్షిణపు త్రోవ ఒంగోలు, నెల్లూరులకు పోవును. అది అమెరికా బాప్టిస్టు మిషను పనిచేసిన సీమ. ఉత్తరపు త్రోవ రాజమండ్రి దాటి సామర్లకోట, కాకినాడల వైపునకు పోవును. అది కెనడా బాప్టిస్టుల సీమ. బందరు రోడ్డు వుయ్యూరు మీదుగా సముద్రతీరమునకు పోవును. వుయ్యూరును కెనడా మిషను స్థానమే. ఈ మూడు త్రోవలను పట్టుకొని పోయినయెడల ప్రకటనల కాగితములోని వరుసలు పుట్టిన తావులు మనకు కనబడును.

మొదట దక్షిణపు త్రోవ. జనవరి 1న తెల్లవారుజామున ప్రార్థన అని మన సంఘములలో ప్రకటింతురు గదా. సామ్యూల్ డే దొరగారు 1836లో విశాఖపట్నము చేరి, 1840లో నెల్లూరులో స్థిరపడిరి. ఏండ్లు గడచినను ఫలము స్వల్పము. 1853లో అమెరికాలోని ఆల్బనీ పట్టణమున మిషను సభ కూడినప్పుడు, తెలుగు పనిని మూసివేయుదమా అను ప్రశ్న లేచెను. పటములో ఒంటి నక్షత్రమువలె ఉన్న నెల్లూరును గూర్చి సామ్యూల్ స్మిత్ అను సేవకుడు ఆ సమయమున ఒక పద్యము వ్రాసెను. పని నిలిచెను. అందువలననే దీనికి ఒంటి నక్షత్రపు మిషను అని పేరు కలిగెను.

మరు సంవత్సరము, అనగా 1854 జనవరి 1న, ఐదుగురు తెల్లవారకమునుపే ఒంగోలు కొండ నెక్కిరి. లైమన్ జ్యూయెట్ దొరగారు, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు అను సహాయకుడు, జూలియ, రూతు అను ఇద్దరు స్త్రీలు. అప్పటికి ఒంగోలులో బాప్టిస్టు సంఘము లేదు, కాపరి లేడు. ఆ ఐదుగురును తమ ఇండ్లకొరకు గాక, క్రింద కనబడు ఊళ్లకొరకు, అక్కడికి రావలసిన పనివానికొరకు ప్రార్థించిరి. పండ్రెండు సంవత్సరములకు, 1866లో, జాన్ క్లౌ దొరగారు ఒంగోలు చేరిరి. 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో సంఘము ఏర్పడెను. ఆ కొండను నేటికిని ప్రార్థన కొండ అనుచున్నారు.

డిసెంబరు 31 రాత్రి మేలుకొని ప్రార్థించు ఆచారమునకును ఇట్టి జ్ఞాపకమొకటి కలదు. 1862లో ఆ రాత్రి అమెరికాలోని నల్లవారు అనేక స్థలములలో కూడి, తెల్లవారి వెలువడవలసిన ప్రకటన కొరకు కనిపెట్టిరి. 1863 జనవరి 1న అధ్యక్షుడైన లింకను చేసిన బానిస విమోచన ప్రకటన అది. మనము ఆ రాత్రి కేకు, టీ సిద్ధపరచుకొనుట తప్పుకాదు. అయితే సంకెళ్లు తెగవలెనని మేలుకొనినవారి రాత్రి అది అని పిల్లలకు చెప్పుట మేలు.

కాగితములో రెండవ వరుస బాప్తిస్మములు. 1876 మొదలు 1878 వరకు దక్షిణ దేశమును గొప్ప కరువు పీడించెను. దానిని మన పెద్దలు ధాత కరువు అనిరి. దొరతనమువారు కరువు పనిగా బకింగ్‌హాం కాలువను త్రవ్వించుచుండిరి. క్లౌ దొరగారు పూర్వము అమెరికాలో భూముల సర్వే పని చేసినవారు. ఆయన ఆ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి దొరకునట్లు చేసిరి. సంఘ బోధకులే మేస్త్రీలై, పగలు పని చూచి, విశ్రాంతివేళ మత్తయి 11:28లోని పిలుపును వివరించుచుండిరి.

ఇక్కడ మనము నిలిచి చూడవలసిన సంగతి ఒకటి కలదు. కరువు సహాయము జరుగుచున్నంతకాలము, ఏడాదికి పైగా, క్లౌ దొరగారు ఎవరికిని బాప్తిస్మమియ్యలేదు. అడిగినవారు వేలకొలది. అయినను గంజికొరకు వచ్చినవాడెవడో, క్రీస్తుకొరకు వచ్చినవాడెవడో అప్పుడు తేల్చుట కష్టము. కూలి డబ్బు పట్టిన చేయి బాప్తిస్మపు పుస్తకము పట్టరాదని ఆయన ఎంచిరి. సహాయము ముగిసిన పిమ్మట 1878 జూన్‌లో ఆయన తన బోధకులను మాత్రమే ఒంగోలుకు ఉత్తరముగా గుండ్లకమ్మ ఒడ్డునున్న వెల్లంపల్లికి రమ్మనిరి. జనులను తీసికొనిరావద్దనియు చెప్పిరి. అయినను జనులు వచ్చిరి. ఇక పంచిపెట్టుటకు ధనము లేదని చెప్పినను వెళ్లలేదు. తాము సహాయము కోరి రాలేదని, కష్టపడి పనిచేసి బ్రతికెదమని, తమ అరచేతుల బొబ్బలే అందుకు సాక్ష్యమని చెప్పుకొనిరి. ఒక్కొక్కరిని విచారించిన తరువాత, జూలై 3వ తేదీని ఆ ఒక్క దినమున 2,222 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మము పొందిరి. ఆరుగురు సేవకులు, ఒక్కొక్క వేళ ఇద్దరు చొప్పున, ఆ పని జరిగించిరి.

2,222 అను లెక్క మన సంఘములలో అనేకులకు కంఠతా వచ్చును. ఆ లెక్కకు ముందున్న ఏడాది నిరీక్షణ మాత్రము కొద్దిమందికే తెలియును. నా మట్టుకు ఆ లెక్కకంటె ఆ నిరీక్షణయే గొప్పది. సంఘము ఆకలికి అన్నము పెట్టినది. ఆ అన్నమునకు వెలగా ఎవరి పేరును పుస్తకములో వ్రాసికొనలేదు.

ప్రకటనల చివరనుండు అందరును ఆహ్వానితులే అను మాటకును ఒంగోలులోనే వెల కట్టబడినది. తొలి దినములలో విశ్వసించినవారిలో ఎర్రగుంట్ల పేరయ్యగారు మొదలుకొని అనేకులు మాదిగవారు. వీరిని చేర్చుకొనినయెడల మేము రామని ఊరిలోని అగ్రకులస్థులు స్పష్టపరచిరి. క్లౌ దొరగారును దొరసానిగారును వేర్వేరు గదులలో ప్రార్థించి, వేర్వేరు బైబిళ్లు తెరువగా, ఇద్దరికిని 1 కొరింథీ 1:26–29 కనబడెనని ఆయన తన జీవితకథలో తెలిపిరి. వారు పేదలనే చేర్చుకొనిరి. పెద్దలు తమ పిల్లలను బడి మానిపించిరి. కావున అందరును అను మాటను పెదవులతో తేలికగా చదువరాదు.

ఇప్పుడు ఉత్తరపు త్రోవ. స్వదేశ మిషను కానుక అను ప్రకటన వినినప్పుడు కాకినాడను తలంచుకొనుడి. అక్కడ పనిని మొదలుపెట్టినవాడు దొర కాడు. తంతి శాఖలో ఉద్యోగము చేసిన థామస్ గాబ్రియేలు అను మనవాడు. జీతము విడిచి సువార్తపని పూనుకొని, అప్పుల భారము మోసి, సహాయమునకై కెనడావారికి మొరపెట్టెను. 1874 మార్చిలో జాన్ మెక్లారెన్ దొరగారు కాకినాడ చేరిరి. మరు సంవత్సరము గాబ్రియేలుగారు కన్నుమూసిరి. కెనడా మిషను చరిత్రకు తలుపు తీసినది ఒక తెలుగువాని త్యాగమే.

పిల్లల వరుసలు రెండు. సండే స్కూలు ఆదివారమే ఎందుకు? 1780లో ఇంగ్లాండులోని గ్లోస్టరు పట్టణమున రాబర్టు రెయిక్స్ దానిని నడుపుటకు పూనుకొనినప్పుడు, పేద పిల్లలకు ఆరు దినములు పనియే, ఆదివారమొక్కటే తెరపి. కావున ఆ దినముననే అక్షరములును వాక్యమును నేర్పిరి. వేసవి బైబిలు పాఠశాలకు మూలము 1898లో న్యూయార్కు నగరమున కనబడును. బాప్టిస్టు సంఘమునకు చెందిన హాజ్ దొరసానిగారు వీధులలో తిరుగు పేద పిల్లలను చూచి, వేసవిలో ఒక సారాయి అంగడి గదిని అద్దెకు పుచ్చుకొని బడి నడిపిరి. పిల్లలున్న చోటికి సంఘమే పోయెను.

ఇక బందరు త్రోవను డెల్టాలోనికి దిగుదము. బెజవాడవద్ద కృష్ణ ఆనకట్ట 1855లో పూర్తియై, కాలువలు పారి, ఈ సీమ అన్నపూర్ణ ఆయెను. దాని స్థానమున ప్రకాశము బ్యారేజి 1957లో వచ్చెను. ఆ నీటివలననే మన కోతకాలపు కృతజ్ఞతార్పణ పండుగ నిండుగా జరుగుచున్నది. వడ్ల మూటలు, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి బలిపీఠమునొద్ద ఉంచి, పిమ్మట వేలము పాడుదుము. ఈ రీతి పండుగను గుడిలో ఆచరించుట 1843లో ఇంగ్లాండు దేశపు కార్న్‌వాల్ సీమలో హాకర్ అను పల్లె పాదిరి నూతనముగా ఆరంభించినది. అయితే ఒక సంగతి మరువరాదు. డెల్టాలో మన పితరులలో అనేకులు ఆ పొలములకు యజమానులు కారు, నాటినవారు, కోసినవారు. నాట్లవేళ, కోతవేళ వారు చీకటితో లేచి పోయి దీపము పెట్టినవేళ తిరిగివచ్చుచుండిరి. పల్లెలలో రాత్రి ప్రార్థనలు వాడుకయగుటకు ఇది కారణము. కూలివాని గడియకు సంఘము తన గడియను సరిచేసికొనెను.

కాగితములో చివరి వరుసలు వైద్య శిబిరములు, సహాయ కార్యములు. ఇవి క్రొత్త పోకడలు కావు. నెల్లూరులో స్త్రీలకును పిల్లలకును, ఒంగోలులో క్లౌగారి పేరట, ఆకివీడులో స్టార్ ఆఫ్ హోప్ అను పేరట బాప్టిస్టు మిషనులు ఆసుపత్రులు కట్టినవి. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచి వేలమందిని పొట్టనబెట్టుకొనెను. 2024 సెప్టెంబరు ఆరంభమున బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్ మొదలగు పేటలు దినములకొలది నీట మునిగెను. అదే సమయమున ప్రకాశము బ్యారేజియొద్ద 11.43 లక్షల క్యూసెక్కుల వరద నమోదాయెను. అట్టి దినములలో పొరుగువాడు సంఘమును అడుగు ప్రశ్న మన ఆరాధన ఎన్ని గంటలకు అని కాదు. నీళ్ల సీసా ఉన్నదా, పాల పొట్లము ఉన్నదా అని. ఆ ప్రశ్నకు జవాబు చెప్పుట గుండ్లకమ్మ ఒడ్డున మనము నేర్చుకొనిన పాఠమే. పొట్లము చేతికిచ్చునప్పుడు పేరు, మతము అడుగకుండుటయు ఆ పాఠములోనిదే.

ఇప్పుడు ప్రకటనలు వాట్సాప్‌లో కూడ వచ్చుచున్నవి. మంచిదే. పట్టణములోనున్న కుమారుడు పల్లెలోని పండుగ దినమును ఎరుగుచున్నాడు. అయితే ఫోను లేని వితంతువు, చదువురాని వృద్ధుడు, బెంజ్ సర్కిల్ దాపున ఆసుపత్రి వరండాలో రోగియొద్ద కాచుకొనియున్న మన ఊరివాడు, వీరికి ఆ ప్రకటన ఎవరు మోసికొనిపోవుదురు?

కావున సంఘ పెద్దలారా, కార్యదర్శులారా, వచ్చే నెల కాగితము వ్రాయునప్పుడు మూడు సంగతులు సరిచూచుకొనుడి. మొదటిది, మన సభ్యులు కానివారి మేలుకొరకు ఒక్క వరుసయైనను అందులో ఉన్నదా? రెండవది, మనము పెట్టిన గడియకు కూలికి పోవు స్త్రీ రాగలదా? మూడవది, రాలేనివారి యింటికి ఆ వార్త తీసికొనిపోవుటకు ఒకరి పేరు వ్రాసితిమా? వీటికి ధనము అక్కరలేదు. ఒంగోలు కొండమీది ఐదుగురికిని ధనము లేదు.

విశ్వాసులారా, కార్యదర్శి లేచినప్పుడు మీరును చెవియొగ్గుడి. ఆయన చదువు ప్రతి వరుస సంఘము దేవుని యెదుటను పొరుగువాని యెదుటను చేయుచున్న వాగ్దానము. ఆ వాగ్దానములలో ఒక్కదానినైనను మీ వంతుగా తీసికొని, ఈ వారములోనే నెరవేర్చుటకు ప్రభువు మీకు సహాయము చేయును గాక.