కాకిబంగారానికి వరస

తెలుగువారు కాకిబంగారమని పిలిచే అభ్రకం నెల్లూరు సీమలో గూడూరు నుంచి సంగం దిక్కుగా సుమారు 60 మైళ్ల పొడవున, 8–10 మైళ్ల వెడల్పున ఒక పట్టీలా పరుచుకుని ఉంది. సైదాపురం, కలిచేడు, రాపూరు, పొదలకూరు పరిసరాలు అందులోవే. సముద్రానికి మరీ ఎడం కాని ఈ మెట్టలో 19వ శతాబ్దం చివర తవ్వకాలు మొదలయ్యాయి. 1902లో భూగర్భ సర్వేక్షణ శాఖ తరఫున థామస్ హాలండ్ దేశంలోని అభ్రక నిక్షేపాల మీద గ్రంథం వెలువరించే నాటికే నెల్లూరు పేరు బీహారు పక్కన నిలిచింది. బీహారు సరుకు కెంపు ఛాయ, నెల్లూరుది ఎక్కువగా ఆకుపచ్చ.

తవ్వడం ఎంత కష్టమో, తీసినదాన్ని విడదీయడం అంత నేర్పు. గని నుంచి వచ్చిన దిమ్మను కత్తి మొనతో పొరలుగా చీల్చి, పాడైన అంచులు తీసేసి, ఒక్కో రేకును వెలుతురుకు ఎత్తి చూస్తారు. మచ్చలెన్ని, లోపల గాలి బుడగలున్నాయా, పగులుందా అన్నది నాణ్యత లెక్క. పరిమాణం లెక్క వేరు. రేకు మొత్తం ఎంతుందన్నది కాదు, లోపం లేని భాగంలో పట్టే అతిపెద్ద దీర్ఘచతురస్రం ఎన్ని చదరపు అంగుళాలన్నదే కొలత. అరచేతి కంటే పెద్ద రేకు కూడా నడుమ పగులు ఉంటే చిన్న తరగతికి దిగజారుతుంది.

ఆ తరగతుల పేర్లు విచిత్రం. 1 నుంచి 2¼ చదరపు అంగుళాలైతే 6వ నంబరు, 3 నుంచి 6 వరకు 5వ నంబరు, 24 నుంచి 36 వరకు 1వ నంబరు. అంకె తగ్గేకొద్దీ రేకు పెద్దదవుతుంది. అంకెలు అయిపోయాక 36 నుంచి 48 వరకు స్పెషల్, 60 వరకు ఎక్స్‌ట్రా స్పెషల్, 80 వరకు ఈఈ స్పెషల్, 100 వరకు ఈఈఈ స్పెషల్, ఆపైన ఓఈఈఈ స్పెషల్. ముందుచూపుతో పెట్టిన పేర్లు కావివి. పెద్ద రేకు వచ్చినప్పుడల్లా పాత పేరుకు ఇంకో తోక తగిలించినట్టే ఉంటాయి.

విద్యుత్ యంత్రాలకు, రేడియో కెపాసిటర్లకు అభ్రకం లేనిదే గడవని రోజులవి. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942లో, బ్రిటన్, అమెరికా కలిసి సంయుక్త మైకా మిషన్ పెట్టి భారత సరుకు కొన్నాయి. తర్వాత రేడియోల్లో వాల్వుల స్థానంలో ట్రాన్సిస్టర్లు, పెద్ద రేకుల స్థానంలో అభ్రకపు తునకలతో చేసిన కాగితం వచ్చి గిరాకీని తగ్గించాయి.

ఆ తరగతుల వరసను కంప్యూటరుకెక్కిస్తే అసలు చిక్కు బయటపడుతుంది. 1970లో ఎడ్గార్ కాడ్ ప్రతిపాదించిన రిలేషనల్ నమూనాలో పట్టికలోని అడ్డువరసలకు సహజమైన క్రమమంటూ లేదు. కావలసిన వరసను ఎస్‌క్యూఎల్ భాషలో ‘ఆర్డర్ బై’ అని అడిగి తెప్పించుకోవాలి. ‘నంబరు 6’ అన్న తీరులో రాసిన తరగతి పేరు మీద అలా అడిగితే ఇంగ్లిషు అక్షరక్రమంలో ఈఈ స్పెషల్ ముందొచ్చి, అన్నిటికన్నా పెద్దదైన ఓఈఈఈ స్పెషల్ 6వ నంబరు కిందికి చేరుతుంది. తెలుగు లిపిలో రాస్తే అది కొంత పైకి జరుగుతుంది గానీ, స్పెషల్ మాత్రం అప్పుడూ అట్టడుగునే. క్రమాన్ని తిరగేసినా చక్కబడదు.

మందు రెండు రకాలు. ‘ఆర్డర్ బై’ తర్వాత ‘కేస్’ రాసి ఓఈఈఈకి 10, ఈఈఈకి 20 అంటూ ఒక్కో పేరుకు స్థానం చెప్పడం ఒకటి. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేసులో ‘ఫీల్డ్’ అనే ప్రమేయం ఇదే పని చేస్తుంది. తరగతులకు విడిగా ఒక పట్టిక పెట్టి, స్థానాన్ని అందులోనే దాచడం రెండోది. వర్తకానికి ఇదే మేలు, ఎందుకంటే కొత్త తరగతి పుడితే ప్రశ్నలన్నీ తిరగరాయక్కర్లేదు. 5వ నంబరుకూ 6వ నంబరుకూ నడుమ 5½ ఉన్నట్టే, 10కీ 20కీ నడుమ ఖాళీ ఉంటుంది. తరగతి ఇంకా తేలని రేకులకు కూడా ఒక అంకె ఇవ్వడం మరవకూడదు. ఇవ్వకుంటే ఆరోహణ క్రమంలో డేటాబేసుల్లో ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్ వాటిని చివరన పెడతాయి, మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూఎల్ సర్వర్ అన్నిటికన్నా ముందు నిలబెడతాయి.